కాలానికి ఒక తిప్పు, చోటుకి రెండు

మా అక్కని తెలిసినవాళ్ళలో సగంమంది చేతులక్క అంటారు. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. పెద్దమ్మకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ యంత్రాల మోతకి తోటివాళ్ళందరికీ మెల్లమెల్లగా చెవులు పోయాయి. "నాకు పోవడానికేముంది?" అనేది పెద్దమ్మ, రెండు చేతులూ దులుపుకుని. ఆ మాట ఆవిడ చేతులతోనే అంటుంది. ఇక్కడ చేతులతో అన్న మాటల్ని కూడా మామూలు మాటల్లాగే రాస్తున్నాను. ప్రతిసారీ "సైగ చేసి అంది" అని రాస్తే నాకూ విసుగు, మీకూ విసుగు.

అక్క దుబాసి. వినపడనివాళ్ళకీ వినపడేవాళ్ళకీ మధ్య నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయడం ఆవిడ పని. కోర్టు, ఆసుపత్రి, బ్యాంకు, పోలీస్ స్టేషన్, పిల్లల బడి, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్తుంది. ఎక్కడా నేర్చుకోలేదు. నడక రాకముందే చేతులొచ్చాయి, అంతే.

ఈ పనికి ఒక నియమం ఉంది. దుబాసి ఎప్పుడూ "ఆవిడ ఇలా అంటోంది" అనకూడదు. ఎవరి తరఫున మాట్లాడుతుందో వాళ్ళే అయిపోయి "నేను" అనాలి. అక్క ఈ నియమం ఎవరూ చెప్పకుండానే పాటించింది. రెండు జడల వయసులో తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, డాక్టరమ్మ ముందు నిలబడి, "నాకు పిల్లలు ఇక వద్దు, గర్భసంచి తీసేయండి" అందట. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుందట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా పెద్దమ్మే ముందు నవ్వుతుంది.

ఇంకో కథ అంత నవ్వు తెప్పించదు. ఇంటి ఓనరు ఒకసారి గుమ్మంలో నిలబడి, "ఈ మూగదానికి ఎంత చెప్పినా బుర్రకెక్కదు, ఇల్లు ఖాళీ చెయ్యమను" అన్నాడు. అక్క దాన్ని నున్నగా చెక్కి, "కొంచెం త్వరగా ఇల్లు చూసుకోమంటున్నారు" అని తల్లికి చెప్పింది. ఆయన వెళ్ళాక పెద్దమ్మ అక్క రెండు మణికట్లూ పట్టుకుంది. కాసేపటికి వదిలి, "ఆయన మొహం ఒకటి చెప్పింది, నీ చేతులు ఇంకోటి చెప్పాయి. నా తిట్లు నాకిచ్చెయ్" అంది. అప్పటినుంచి అక్క ఎవరి తిట్లు వాళ్ళకి పొల్లు పోకుండా అప్పగిస్తుంది. విడాకుల కేసుల్లో ఆవిడ పక్కన కూర్చోవాలంటే గుండె రాయి చేసుకోవాలి.

అక్కకి ఒక గర్వం ఉంది. తెలుగు బాగా మాట్లాడుతుంది. చేతుల భాషకీ నుడికారం ఉంటుందని, దాన్ని బోసి మాటల్లో పెడితే తక్కువ చెప్పినట్టేనని ఆవిడ వాదన. అందుకే సైగకి సరిగ్గా అతికే సామెత వెతుకుతుంది. కోర్టులో జడ్జిగారు నవ్వాల్సిన చోట నవ్వేవారు. చెవిటివాళ్ళకి అది ఇష్టం. తాము వేసిన జోకుకి అవతలి మొహం విచ్చుకోవడం వాళ్ళకి రోజూ దొరికే సరుకు కాదు.

సొట్టబుగ్గ మా ఇంటికొచ్చింది అక్కకున్న ఈ మంచిపేరు విని. చెవిటివాళ్ళు ఒకరికొకరు పెట్టుకునే పేర్లు అలాగే ఉంటాయి. అచ్చు పేరుతో పనిలేదు. బుగ్గ మీద వేలు పెట్టి నొక్కితే ఆ అమ్మాయి పేరు. ఫిజిక్సులో పీజీ చేసింది. పాఠాలు సగం పెదాలు చూసి పట్టుకుంది, మిగతా సగం స్నేహితుల నోట్సులు చూసి. మంచి మార్కులు. లెక్చరర్ ఉద్యోగానికి ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, "రాసి చూపించండి." రాసి చూపించేది. "బాగా రాశారు, కానీ క్లాసు చెప్పాలి కదమ్మా" అనేవారు.

ఒక్క కాలేజీ మాత్రం, దుబాసిని తెచ్చుకుని వచ్చి పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించమంది. పాఠం వాళ్ళే ఇచ్చారు. క్వాంటం తరంగ సమీకరణానికీ సాపేక్షతకీ ఎందుకు పడలేదు, ఎలా పడేలా చేశారు.

"బోర్డు మీద రాయను అక్కా," అంది సొట్టబుగ్గ మొదటి రోజే. "అంటే సమీకరణం రాస్తాను. రాయకుండా ఫిజిక్స్ ఉండదు. కానీ ఎందుకు, ఎలా అన్నది చేతులతోనే చెప్తాను. నోటితో నువ్వు చెప్తావు. అది కుదరదంటే నాకు ఈ ఉద్యోగం కుదరనట్టే. ఈ ఒక్కటేనా, ఏదీ కుదరనట్టే."

అక్క నా వైపు చూసింది. "ఒరేయ్, నువ్వు ఈ చదువేగా మధ్యలో వదిలేసింది. వదిలేసే ముందు ఏమైనా అంటిందా?"

కొంచెం అంటింది. నా సైగలు మాత్రం నాటకాల్లో మూగవేషం వేసినవాడి సైగల్లా ఉంటాయి, అందుకని నేను నోటితో చెప్పడం, సొట్టబుగ్గ నా తప్పులు దిద్దడం, అక్క మధ్యలో నలగడం. వంటింటి బల్ల మీద ఇలా చాలా రోజులు నడిచింది.

సంగతి ఇది. ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించలేం. ఒక అల ఉంటుంది. అల ఎక్కడ బలంగా ఉంటే అక్కడ అది దొరికే అవకాశం ఎక్కువ. ఆ అల ఎలా నడుస్తుందో చెప్పే సమీకరణం ఒకటుంది. అందులో కాలంతో పాటు వచ్చే మార్పుని ఒక్కసారి లెక్కేస్తారు. చోటుతో పాటు వచ్చే మార్పుని రెండుసార్లు, అంటే మార్పులో మార్పుని లెక్కేస్తారు. మెల్లగా పోయేవాటికి ఇది బంగారంలా పనిచేస్తుంది. కానీ సాపేక్షత వచ్చి, కాలమూ చోటూ వేరువేరు కాదు, బాగా వేగంగా పోయేవాడికి ఇది కొంచెం అందులో, అది కొంచెం ఇందులో కలిసిపోతుంది, కాబట్టి రెండింటినీ ఒకేలా చూడాలి అంటుంది.

"పంక్తిభేదం," అంది అక్క వెంటనే. "ఒకే వరసలో కూర్చోబెట్టి ఒకరికి ఒక గరిటె, ఇంకొకరికి రెండు."

సొట్టబుగ్గకి అది నచ్చింది. మార్పు అనడానికి చేతుల భాషలో మణికట్టు ఒకసారి తిప్పుతారు. అందుకని కాలానికి ఒక తిప్పు, చోటుకి రెండు తిప్పులు అని ఖాయం చేసుకున్నారు.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. ఆ భాషలో నిన్న అంటే భుజం వెనక్కి, రేపు అంటే మొహం ముందుకి. మనిషి కాలం మధ్యలో నిలబడి ఉంటాడు. చోటేమో చేతుల ముందు పరుచుకుని ఉంటుంది. ఇక రెండూ సమానం అని ఎలా చెప్తారు? అక్క ఎన్ని రకాలుగా చేసినా కాలం వచ్చి వీపుకి తగిలేది.

"నువ్వు కాలంలో నిలబడకక్కా," అంది సొట్టబుగ్గ. "బయటికి రా. పక్క నుంచి చూడు." అని కాలాన్ని భుజం మీద నుంచి దించి, తన ఎదురుగా ఎడమ నుంచి కుడికి ఒక గీతలా గాల్లో గీసింది. చోటు గీతల పక్కనే. మూడు అవి, నాలుగోది ఇది.

పెద్దమ్మ కూర తరుగుతూ ఇదంతా చూస్తోంది. కత్తి కింద పెట్టింది. "అది కాలం కాదు. తీగ మీద బట్టలారేసినట్టుంది."

"అదే పెద్దమ్మా," అన్నాన్నేను. "నిన్నా రేపూ రెండూ తీగ మీదే ఉన్నాయి."

"రేపటి చీర ఇవాళే ఆరేశారా," అని మళ్ళీ కత్తి తీసుకుంది.

పంక్తిభేదం పోగొట్టడానికి మొదట చేసిన ప్రయత్నం, కాలానికి కూడా రెండు తిప్పులు ఇవ్వడం. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ అందులోంచి ఎలక్ట్రాన్ దొరికే అవకాశం లెక్క కడితే ఒక్కోచోట సున్నా కన్నా తక్కువ వస్తుంది. ఇది చెప్పినప్పుడు పెద్దమ్మ మళ్ళీ కలగజేసుకుంది. "లేకపోవడంలో కూడా ఎక్కువా తక్కువా ఉంటాయా?"

"ఉండవు. అందుకే అది పక్కన పెట్టారు," అంది సొట్టబుగ్గ.

రెండో ప్రయత్నం, రెండింటికీ ఒక్కో తిప్పే ఇవ్వడం. ఇక్కడే కష్టం. సాపేక్షతలో శక్తికి లెక్క వర్గాల్లో ఉంటుంది. శక్తి వర్గం ఒకవైపు, వేగానికి సంబంధించిన వర్గం, బరువుకి సంబంధించిన వర్గం రెండోవైపు. ఒక్క తిప్పు కావాలంటే దీనికి వర్గమూలం తీయాలి. బడిలో అందరం పాడుకున్నదే, ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ ప్లస్ టూ ఏబీ. ఆ టూ ఏబీ ఇక్కడ అడ్డం. శక్తి లెక్కలో అది లేదు, ఉండకూడదు. పోవాలంటే ఏబీ, బీఏ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. మూడు నాలుగులు, నాలుగు మూళ్ళు రెండూ పన్నెండే కాబట్టి మామూలు అంకెలతో ఇది జరగదు. వరుస తిప్పితే గుర్తు మారేవి కావాలి, ప్లస్సు మైనస్సయ్యేవి. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టారు. అవి ఒక్క అంకెలు కావు, నాలుగు వరసల గళ్ళ పట్టికలు. పట్టికలొచ్చాయి కాబట్టి అల కూడా ఒకటి కాదు, నాలుగు కలిసి నడిచే అల. ఎలక్ట్రాన్‌కి స్పిన్ ఎందుకుందో, దానికి ఎదురు కణం ఒకటి ఎందుకుండాలో అన్నీ అందులోంచే ఊడిపడ్డాయి.

"అంటే పాఠం మొత్తం ఆ మైనస్ మీద నిలబడిందన్నమాట," అన్నాను.

"మొత్తం," అంది సొట్టబుగ్గ.

ఆల్ఫాకి పిడికిలి, బీటాకి చాచిన అరచెయ్యి అనుకున్నారు. పిడికిలి తర్వాత అరచెయ్యి, అరచెయ్యి తర్వాత పిడికిలి, ఆ తర్వాత మైనస్. అక్క సాధన చేసింది. బాగానే చెప్పింది. నిజం చెప్పాలంటే ఆవిడకి వరుస గుర్తుంది గానీ ఎందుకో అంటలేదు. అది నాకూ తెలుసు, సొట్టబుగ్గకీ తెలుసు. దుబాసికి మాట తెలిస్తే చాలనుకున్నాం. ఆసుపత్రిలో ఆపరేషన్ చెయ్యడం తెలిసే చెప్తుందా ఏంటి?

పాఠం రోజున క్లాసు నిండింది. ఆఖరి సంవత్సరం పిల్లలు. ముందు వరసలో ప్రిన్సిపాల్ మేడమ్, ఆవిడ పక్కన పాఠం ఇచ్చిన ఫిజిక్స్ సారు, ఇంకొకాయన. సారు ఆలోచించేటప్పుడు చెవి గిల్లుకుంటారు. సొట్టబుగ్గ లోపలికొచ్చిన నిమిషంలోనే ఆయనకి చెవిగిల్లుడు అని పేరు పెట్టి అక్కకి చూపించింది. అక్క మొహం కదల్లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అది తెలుగులోకి రాలేదు.

సొట్టబుగ్గ బోర్డు పక్కన, అక్క పిల్లల మధ్య నడవలో మొదటి బెంచీ దగ్గర. నేను వెనక బెంచీలో, అలవాటైన చోటే. పాఠం మంచి ఊపులో సాగింది. పంక్తిభేదానికి పిల్లలు నవ్వారు. సున్నా కన్నా తక్కువ అవకాశం దగ్గర ఒకడు "అదేంటి మేడమ్" అని గట్టిగానే అన్నాడు. అక్క అది అందించగానే సొట్టబుగ్గ, "అదేంటి అని వాళ్ళూ అన్నారు" అంది. క్లాసు ఆ అమ్మాయి చేతుల్లోకి వచ్చేసింది. ప్రిన్సిపాల్ మేడమ్ పెన్ను మూసి చూస్తోంది.

టూ ఏబీ దగ్గరికి వచ్చారు. ఊపులో సొట్టబుగ్గ ఒక చేత్తో ఒకదాని తర్వాత ఒకటి చూపించకుండా రెండు చేతులూ కలిపి వాడింది. కుడి పిడికిలి, ఎడమ అరచెయ్యి. చకచకా మార్చి ఎడమ పిడికిలి, కుడి అరచెయ్యి. మైనస్‌ని వేలితో గీయకుండా కనుబొమ్మలు ముడిచి తల ఒక్కసారి పక్కకి తిప్పింది. ఆ భాషలో అదీ సరైనదే. కానీ పిడికిలీ అరచెయ్యీ అలా మార్చుకోవడం మా పెద్దమ్మ వాళ్ళ మాటల్లో ఇంకోటి. ఏదైనా ఒకటేలే, ఏం తేడా లేదు, అని. పెద్దమ్మ కూరకి ఏం తెమ్మంటావంటే రోజూ చేసేది అదే సైగ. అక్కకి ఊయలలో ఉన్నప్పటినుంచి తెలిసిన సైగ. బుర్ర కన్నా ముందు నోరు కదిలింది.

"ఆల్ఫా ముందొచ్చినా బీటా ముందొచ్చినా ఒకటే," అంది అక్క. "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి."

క్లాసంతా గొల్లుమంది. నవ్వులు చూసి సొట్టబుగ్గ కూడా నవ్వింది, పాఠం తగిలిందనుకుని. నేను వెనక బెంచీలో సగం లేచాను. ముందు వరసలో సారు నవ్వలేదు. చెవి గిల్లుకున్నారు.

"ఒకటే అయితే టూ ఏబీ ఎక్కడికి పోయిందమ్మా?"

అక్క అందించింది. సొట్టబుగ్గ నవ్వు సగంలో ఆగింది. "ఒకటే అని ఎవరన్నారు?"

"ఒకటే అని ఎవరన్నారు?" అంది అక్క గొంతు.

"మీరేనమ్మా అన్నది," అన్నారు సారు.

"నేననలేదు," అన్నాయి చేతులు. "నేననలేదు," అంది గొంతు.

"ఇప్పుడే అన్నారు. అందరం విన్నాం. సామెత కూడా చెప్పారు."

పిల్లలు కిసుక్కుమన్నారు. సారుకి కోపం రాలేదు గానీ, పొరపాటు ఒప్పుకోని మనిషిని చూసినట్టు చూశారు. సామెత అన్న మాట అక్క చేతుల్లోకి వచ్చాక సొట్టబుగ్గ బోర్డు వైపు చూడ్డం మానేసి అక్కనే చూసింది.

ఆ కాసేపట్లో అక్కకి దారులు లేకపోలేదు. "అవును, పొరపాటున అన్నాను, గుర్తు మారుతుంది" అని సొట్టబుగ్గ గొంతుతో అనేస్తే పాఠం ముందుకి పోయేది. తప్పు ఆ అమ్మాయి ఖాతాలో పడేది, చిన్నదే, సారు సర్దుకునేవారు. ఊరుకున్నా ఆ అమ్మాయి బోర్డు మీద రాసి సరిచేసుకునేది. అప్పుడు "రాసి చూపించండి" దగ్గరికే మళ్ళీ వచ్చినట్టు. నిజం చెప్తే, అప్పటిదాకా విన్న పాఠమంతా ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అది అక్కకి సారు కన్నా బాగా తెలుసు. కోర్టులో దుబాసి తప్పు దొరికితే సాక్ష్యం మొత్తం కొట్టేయమని వకీళ్ళు లేస్తారు.

అక్క ఒక అడుగు పక్కకి జరిగింది. చేతులూ నోరూ రెండూ వాడుతూ అంది. "ఇప్పుడు మాట్లాడుతున్నది దుబాసి. ఒకటే అన్నది మేడమ్ కాదండి. నేను తప్పు చదివాను. ఆవిడ మైనస్ మొహంతో చెప్పింది, నేను చేతులు చూశాను. సామెత కూడా నాదే."

ప్రిన్సిపాల్ మేడమ్ పెన్ను మూత తీసింది. "ఇంతసేపూ విన్నదాంట్లో ఇంకెన్ని మీవి?"

"తెలియదండి. దొరికింది ఇదొక్కటే."

"మీకు ఫిజిక్స్ వచ్చా?"

"రాదండి."

"మరి రేపు క్లాసులో ఇలాగే జరిగితే ఎవరికి తెలుస్తుంది?"

ఇది అక్కని అడిగిన ప్రశ్న. అక్క సొట్టబుగ్గకి కూడా అందించింది, అన్నీ అందించాలి కాబట్టి. సొట్టబుగ్గ చెయ్యెత్తింది. అక్క మళ్ళీ తన చోటుకి వచ్చి ఆ అమ్మాయి అయిపోయింది.

"సారుకి తెలిసింది కదండీ," అంది సొట్టబుగ్గ. "నా చేతులు చూసి కాదు. టూ ఏబీ మిగిలిపోయింది కాబట్టి. లెక్కలో తప్పు మాట పడితే రెండు వరసలు పోయేసరికి ఎక్కడో ఒకచోట ఏదో మిగిలిపోతుంది. దాన్ని పట్టుకోవడం నేర్పడమే నా పని."

"సారు పట్టుకున్నారు," అంది ప్రిన్సిపాల్ మేడమ్. "పిల్లలు నవ్వారు."

సొట్టబుగ్గ ఒక్క నిమిషం ఇమ్మని పిల్లల వైపు తిరిగింది. "సామెతకి నవ్వినవాళ్ళు చేతులెత్తండి." ముందు ఎవరూ ఎత్తలేదు. తర్వాత దాదాపు అందరూ ఎత్తారు. "సరే. ఇప్పుడు ఆ సామెత నిజమనుకుని లెక్క చేయండి. ఏమొస్తుందో చెప్పండి." కాగితాల చప్పుడు. ఒక అమ్మాయి లేచి, "టూ ఏబీ అలాగే ఉంది మేడమ్, శక్తి లెక్క కుదరట్లేదు," అంది. "ఇప్పుడు మైనస్ పెట్టి చేయండి." పోయింది. పాఠం అక్కణ్ణుంచి మళ్ళీ నడిచింది, నాలుగు అలల దాకా. ఈసారి సొట్టబుగ్గ మైనస్ వచ్చిన ప్రతిచోటా గాల్లో వేలితో అడ్డగీత గీసింది. అక్క ఒక్క సామెత వాడలేదు. పాఠం చప్పగానే ఉంది. తప్పు లేకుండా ఉంది.

బస్ స్టాపులో ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం.

"నీ సామెత నా ఉద్యోగం తినేసేదక్కా," అంది సొట్టబుగ్గ.

"ఇంకా తినలేదని ఎవరు చెప్పారు?"

"అదీ నిజమే."

"క్షమించమని అడగనా?"

"వద్దు. అడిగితే నేను సరే అనాలి, నువ్వు ఏడవాలి, బస్సొచ్చేస్తుంది. ఆల్ఫా బీటా చెప్పు."

అక్క చెప్పింది. పిడికిలి, అరచెయ్యి, వరుస మార్పు, మైనస్. "ఎందుకు మైనస్?" అంది సొట్టబుగ్గ. అక్క చేతులు గాల్లో ఆగిపోయాయి. నేను నోరు తెరవబోతే సొట్టబుగ్గ నా మోకాలి మీద ఒక్కటిచ్చింది. బస్సు వచ్చింది, పోయింది. ఇంకో బస్సు కోసం ఆగాం.

వారం తర్వాత కాలేజీ నుంచి కబురొచ్చింది. సొట్టబుగ్గని ఒక సంవత్సరానికి తీసుకుంటున్నారు. తర్వాత సంగతి తర్వాత. దుబాసి విషయంలో మాత్రం షరతు పెట్టారు. ఎవరు నిలబడినా, ఆ వారం చెప్పబోయే పాఠాన్ని ముందుగా సారు దగ్గర కూర్చుని తన సొంత మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ వారం క్లాసు లేదు. ఫిజిక్సూ చేతులూ రెండూ వచ్చిన మనిషి కోసం సొట్టబుగ్గ తనకి తెలిసిన చోటల్లా వాకబు చేసింది. అలాంటి మనిషి దొరకలేదు. దొరికితే అక్కని వదిలేసేదాన్నని మొహం మీదే చెప్పింది. అక్క అందులో తప్పేముందంది.

పెద్దమ్మకే నచ్చలేదు. "కోర్టు నిన్ను అడగలేదు, ఆసుపత్రి అడగలేదు. ఈ కాలేజీకేంటి అంత పొగరు? మానెయ్."

"మానేస్తే ఆ పిల్ల?"

"ఇంకోళ్ళు దొరుకుతారు."

"దొరకలేదమ్మా. వెతికి చూసింది."

పెద్దమ్మ ఒక చెయ్యి పిడికిలి చేసి, రెండోది చాచి, ఎవరైనా ఒకటేలే అనబోయి, మా మొహాలు చూసి చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

అక్కకి లెక్కలు చిన్నప్పటినుంచీ పడవు. సాయంత్రం కోర్టు పని ముగించుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఏ ప్లస్ బీ నుంచి మొదలుపెట్టింది. నేర్పేది సొట్టబుగ్గ. మధ్యలో దుబాసి లేరు కాబట్టి ఇద్దరూ తీరుబడిగా పోట్లాడుకునేవాళ్ళు. అక్క ఒప్పుకోదు. ఎందుకు అంటుంది, ఎవరు చెప్పారు అంటుంది, నువ్వు చెప్తే అయిపోతుందా అంటుంది. జీవితమంతా ఎవరో అడిగిన ప్రశ్నలే మోసింది కదా, సొంత ప్రశ్నలు అరలో పేరుకుని ఉన్నట్టున్నాయి. పట్టికల గుణకారం దగ్గర ఒక వారం ఇరుక్కుపోయింది. సారు ముందు చెప్పలేకపోయింది. ఆ వారం క్లాసు జరగలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ అన్న మాట మీద నిలబడింది. సొట్టబుగ్గ అక్కతో ఒక రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పట్టికలు మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

తర్వాతి శనివారం అక్క సారు గదిలో రెండు పట్టికలు ముందు ఇలా, తర్వాత అలా గుణించి చూపించింది. ఒకదాంట్లో ఉన్న ప్లస్సులన్నీ రెండోదాంట్లో మైనస్సులు. సారు చెవి గిల్లుకుని, "టూ ఏబీ ఎందుకు పోవాలి?" అని అడిగారు.

"శక్తి లెక్కలో లేదు కాబట్టి అండి."

"ఉంటే?"

"ఉంటే ఆ సమీకరణం ఒక్కొక్కడికి ఒక్కో మాట చెప్తుంది. నిలబడ్డవాడికి ఒకటి, పరిగెత్తేవాడికి ఇంకోటి."

సారు టీ తెప్పించారు.

ఆ సోమవారం నేను మళ్ళీ వెనక బెంచీలో కూర్చున్నాను. శక్తి సున్నా కన్నా తక్కువగా వచ్చే సమాధానాల పాఠం. నాలుగు అలల్లో రెండింటికి శక్తి మైనస్‌లో వస్తుంది. అవకాశం మైనస్‌లో వచ్చిందని ఇంతకుముందు ఒక సమీకరణాన్ని పక్కన పెట్టారు. మరి శక్తి మైనస్‌లో వస్తే దీన్ని ఎందుకు ఉంచుకున్నారు? సొట్టబుగ్గ దాన్ని విడమరిచి చెబుతోంది. అక్క గొంతు రెండు వాక్యాలు నడిచి ఆగిపోయింది. చెయ్యెత్తింది.

"దుబాసి మాట్లాడుతోంది. ఇక్కడ నాకు అర్థం కాలేదు. మేడమ్‌ని మళ్ళీ అడుగుతాను, ఒక్క నిమిషం."

ముందు బెంచీలో ఉన్న కుర్రాడు మెల్లిగా అన్నాడు. "అడగండి. మాకూ కాలేదు."

అక్క అది కూడా అందించింది. సొట్టబుగ్గ క్లాసుని ఒకసారి కలయజూసి, ఇంకెవరికి కాలేదని అడిగింది. ఈసారి చేతులు వెంటనే లేచాయి. బోర్డు తుడిచి, మొదటి అల దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.